నీరు త్రాగెడు మేఘము

ప్రొద్దుటూరినుండి యొక సోదరీమణి మాకిట్లు వ్రాసియున్నారు: "విశాఖపట్టణమునకు డేటా సెంటరు వచ్చుచున్నదని మా యింట నందఱును సంతోషించుచున్నారు. అది యెట్టి కార్ఖానా? అందేమి తయారగును? దానికి కావలసిన విద్యుత్తును, నీరును మన జిల్లానుండి పోవునని మా మఱఁది చెప్పుచున్నాఁడు. నిజమేనా?" ఈ మూఁడు ప్రశ్నలును గృహిణులందఱు తెలిసికొనఁదగినవే కనుక, ఈ మాసపు మా శీర్షికను వీనికే కేటాయించుచున్నాము.

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము సులభము. అది కార్ఖానా కాదు. అందేమియుఁ దయారు కాదు. అదియొక కొట్టుగది. మన చేతిఫోనులో తీసికొన్న బిడ్డల బొమ్మలు, పెండ్లి వీడియోలు, బ్యాంకి లెక్కలు, రైలు టిక్కెట్లు, పిల్లల పరీక్షా ఫలితములు, ఇవన్నియు నెక్కడనో యొకచోట దాఁచఁబడియుండవలెను గదా! పొడవైన పెద్ద గదులలో బీరువాలవలె వరుసలుగా నిలిపిన వేలకొలఁది కంప్యూటరులలో దాఁచెదరు. దాఁచుటయే కాదు, మనమడిగిన ప్రశ్నలకు జవాబులను లెక్కకట్టి పంపుటయు నక్కడనే జరుగును. ఈ మధ్య కృత్రిమమేధ యను పేర వినవచ్చుచున్న యంత్రములు పని చేయునదియు నట్టి గదులలోనే. హైదరాబాదునందు అమెజాను సంస్థ 2022 నవంబరులో నిట్టి కేంద్రముల సముదాయమును ప్రారంభించినది. విశాఖపట్టణమున నయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి, గిగావాటు పరిమాణముగల కేంద్రమును నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీన ప్రకటించినది.

ఈ కొట్టుగదికి లోకము పెట్టిన ముద్దుపేరు క్లౌడు, అనఁగా మేఘము. కడపజిల్లా వారికి మేఘమన్నచో నాకాశమునుండి కురియవలసినది. ఈ మేఘము కురియదు సరికదా, తానే నీరు త్రాగును.

ఎంత విద్యుత్తు వాడునో చూతము. 2024వ సంవత్సరమున లోకమునందలి డేటా సెంటరులన్నియుఁ గలిసి సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడినవని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. లోకమంతటి విద్యుత్తులో నిది నూటికొకటిన్నర వంతు. 2030 నాఁటి కిది రెండింతలకు మించి 94,500 కోట్ల యూనిట్లగునని యా సంస్థయే యంచనా వేసినది. ఇంత పెద్ద సంఖ్యలు మనసున నిలువవు కాఁబట్టి, మనకుఁ దెలిసిన కొలత తీసికొందము. ముద్దనూరు సమీపమున నున్న రాయలసీమ థర్మలు విద్యుత్కేంద్రమును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వారెఱుఁగనివారుండరు. దాని యూనిట్లన్నియుఁ బూర్తిగా నడచిన 1650 మెగావాట్లు. ఒక గిగావాటనఁగా వేయి మెగావాట్లు. అనఁగా ముద్దనూరు పొగగొట్టములన్నింటి కష్టములో నూటికి అఱువది వంతులు ఒక్క కొట్టుగదికే చెల్లును.

అంత విద్యుత్తు నేమి చేయుదురని యడుగవచ్చును. పిల్లవాఁడు ఫోనులో గంటసేపు బొమ్మలాటలు చూచిన పిమ్మట దానిని చేతఁ బట్టి చూడుఁడు, వెచ్చగా నుండును. కంప్యూటరు త్రాగిన విద్యుత్తంతయుఁ గడపటికి వేఁడిగానే మాఱును. అట్టివి వేలకొలఁది యొకే గదిలోఁ బగలును రాత్రియుఁ బనిచేయుచుండఁగా నా గది పొయ్యివలె నగును. ఆ వేఁడిని వెలికిఁ దఱుమనిచో యంత్రములు చెడును. కాఁబట్టి లెక్కకట్టుటకుఁ గొంత విద్యుత్తు, ఆ లెక్కవలనఁ బుట్టిన వేఁడిని తీయుటకు మఱికొంత విద్యుత్తు. పొదుపు చేయఁదగినది ముఖ్యముగా నీ రెండవ భాగమునందే.

ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళలో నగ చేయించుకొన్న ప్రతి యిల్లాలికిని తరుగన్న మాట తెలియును. తరుగెంత కట్టుదురో తేల్చుకొనక మనము బయానా ఈయము. డేటా సెంటరులకును సరిగా నట్టి తరుగు లెక్కయే యొకటి కలదు. లెక్కకట్టు యంత్రములకు నూఱు యూనిట్లు చేరవలెనన్నచో, కేంద్రమంతటికిఁ గలిపి యెన్ని యూనిట్లు కొనవలసివచ్చునన్నదే యా లెక్క. ఇంజనీర్లు దీనిని పి.యు.ఇ. యందురు. నూటికి నూఱే కొన్నచో తరుగు లేదు, పి.యు.ఇ. ఒకటి. 2024లో అప్‌టైం ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ లోకమునందలి కేంద్రముల నడిగి తేల్చిన సగటు 1.56, అనఁగా నూఱు యూనిట్ల పనికి 56 యూనిట్ల తరుగు. అదే సంవత్సరమునకు గూగుల్ సంస్థ తన కేంద్రముల సగటు 1.09 అని చెప్పుకొన్నది. యంత్రములకే వేయి మెగావాట్లు కావలసిన చోట నీ రెంటికిని గల భేదము 470 మెగావాట్లు. ముద్దనూరునందలి 210 మెగావాట్ల యూనిట్లు రెండు కలిసినను అంత ఈయఁజాలవు. తరుగన్నది చిన్న మాట కాదని దీనివలన స్పష్టము.

తరుగు తగ్గించు నుపాయములలోఁ గొన్ని మన యిండ్ల మర్మములే. వంటయింటి పొగ నడవలోనికి రాకుండఁ బొయ్యికి నెత్తిమీఁద గవాక్షము విడిచి మిద్దె కట్టిన పెద్దలు చేసినదేమి? వేఁడిగాలిని చల్లగాలితోఁ గలియనీయక వేఱు దారిన పంపుటయే గదా. డేటా సెంటరులోను బీరువాల ముఖములన్నియు నొకదాని కొకటి యెదురుగాను, వీఁపులన్నియు నొకదాని కొకటి యెదురుగాను నిలిపి, ముఖముల నడుమ చల్లని సందు, వీఁపుల నడుమ వేఁడి సందు ఏర్పఱతురు. సందులకు తలుపులు, కప్పులు పెట్టి రెండు గాలులను కలియకుండఁ జేయుదురు. ఇది మొదట చేయవలసిన పని, చవుకయైనదియును.

గదిని మితిమీఱి చల్లబఱుచుటయు నొక దురలవాటు. యంత్రములకు మంచుకొండ అక్కఱలేదు. మన దేశమున 2020 జనవరినుండి ఇండ్లలోని ఏ.సి.లు 24 డిగ్రీలకు సిద్ధము చేయఁబడి యమ్మవలెనని నియమము వచ్చినట్లే, ఉష్ణదేశమైన సింగపూరు 2023లో డేటా సెంటరులను 26 డిగ్రీలు, అంతకుఁ బైని నడుపుట కొక ప్రమాణము వెలువరించినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలఁది చల్లబఱచు విద్యుత్తులో నూటికి రెండు మొదలుకొని అయిదు వంతులు మిగులునని యచ్చటి ప్రభుత్వశాఖ చెప్పినది. సింగపూరు ఈ విషయమున మనకు డెన్మార్కుకంటె దగ్గఱి గురువు. డెన్మార్కులో ఓడెన్సె నగరమున నొక డేటా సెంటరు వేఁడిని గొట్టములద్వారా ఇండ్లకుఁ బంపి చలి కాచుకొనుచున్నారు. మెచ్చఁదగినదే, కాని మే మాసమున జమ్మలమడుగు వీథిలో నిలుచుండి "ఉచితముగా వేఁడి యిత్తుము రండు" అని పిలిచినచో వచ్చువారెవరు?

ఇఁక మూఁడవ యుపాయము పులివెందుల రైతుకుఁ దెలిసినది. చీనీచెట్లకుఁ గాలువ కట్టి తోటంతయుఁ దడుపుట యొక పద్ధతి. చెట్టు మొదట చుక్కచుక్కగా నీరు విడుచుట మఱియొక పద్ధతి. గదియంతటిని గాలితోఁ జల్లబఱచుట మొదటిదానివంటిది. వేఁడి పుట్టు చిప్పుపైననే లోహపు పలకనుంచి, దానిలోఁ జిన్న గొట్టములద్వారా ద్రవమును ప్రవహింపఁజేయుట రెండవదానివంటిది. కృత్రిమమేధ యంత్రములు మిక్కిలి వేఁడెక్కునవి గనుక వానికిఁ గాలి చాలదు, ఈ ద్రవపద్ధతియే శరణ్యమగుచున్నది. ఇదిగాక, పనిలేక యూరక నిలిచిన కంప్యూటరు కూడఁ గణనీయమైన విద్యుత్తు త్రాగుచునే యుండును. పది యంత్రములలోఁ జెదరియున్న పనిని మూఁటికిఁ జేర్చి తక్కినవానిని ఆపివేయుట మంచి పొదుపు, కాని పి.యు.ఇ. లెక్కలో నీ పొదుపు కానరాదు. తరుగు లేని నగలైనను పెట్టెలో ఊరక పడియున్నవెన్నియో తరుగు లెక్క చెప్పదు గదా!

ఇంతకంటె పెద్ద మఱుఁగొకటి యా లెక్కలోఁ గలదు. అది నీరు.

వేసవిలో కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లిన గది చల్లఁబడును. విద్యుత్తు రవంతయు ఖర్చు కాదు; కాని గంటగంటకును బిందె వంచవలెను. నీరు ఆవిరియగుచు వేఁడిని తనతోఁ దీసికొనిపోవుటయే యిందలి రహస్యము. చాల డేటా సెంటరులు చేయునదియు నిదే. విద్యుత్తు తరుగు తగ్గును, పి.యు.ఇ. అందముగాఁ గానవచ్చును, పత్రికలలో శ్లాఘింతురు. బిందెలు మోసినవారి సంగతి యా సంఖ్యలో నుండదు.

ఎన్ని బిందెలు? ప్రకృతిశాస్త్రమే చెప్పును. ఒక యూనిట్ విద్యుత్తువలనఁ బుట్టిన వేఁడిని కేవలము నీటి యావిరితోఁ దీయవలెనన్న సుమారు లీటరున్నర నీరు పోవును. నూఱు మెగావాట్ల కేంద్రమొకటి దినమంతయు నట్లు నడచినచో 24 లక్షల యూనిట్లు, 36 లక్షల లీటర్లు. పల్లెలలో జల్ జీవన్ మిషను తలకు దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా నుంచినది. ఆ కొలతతో భాగించినచో 65 వేల మంది నీరు. 2011 జనాభా లెక్కలలోఁ బులివెందుల పట్టణ జనసంఖ్య ఇంచుమించు నంతయే. అన్ని కేంద్రములును నిట్లే చేయునని మేమనుట లేదు. చల్లని కాలమున బయటిగాలితోనే గడుపునవి యున్నవి. నీటిని మూసిన గొట్టములలో మరల మరలఁ ద్రిప్పి యేమాత్రము ఆవిరి కానీయనివి యున్నవి. అట్టివానికి విద్యుత్తు కొంత యెక్కువ పట్టును. అమెరికాలో జార్జియా రాష్ట్రమున నొక కేంద్రము ఊరి మురుగునీటిని శుద్ధిచేసి వాడుచున్నది. ఫిన్లండులో హమీనా యను రేవుపట్టణమున పాత కాగితపు మిల్లు నొకదానిని డేటా సెంటరుగా మార్చి, 2011 మొదలుకొని సముద్రపు నీటితోఁ జల్లబఱచుచున్నారు. విశాఖపట్టణమునకును వాకిటనే సముద్రమున్నది. ఉప్పునీటికిఁ దగిన గొట్టములకు సొమ్ము వెచ్చించు మనసు కావలెను.

కాని ఎంత నీరు వాడుచున్నారో చెప్పుటకే కొందఱు సమ్మతింపరు. అమెరికాలో ఓరెగాను రాష్ట్రమున ద డాల్స్ అను చిన్న యూరిలో, డేటా సెంటరునకుఁ బోవు నీటి లెక్క యీయుమని యొక పత్రికవారడుగఁగా, అది వ్యాపార రహస్యమని పురపాలకసంఘము న్యాయస్థానమున కెక్కినది. 2022 చివర రాజీపడి లెక్క బయటపెట్టఁగాఁ, ఊరి నీటిలోఁ బాతిక వంతునకుఁ బైగా నచ్చటికే పోవుచున్నట్లు తేలినది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున 2023లో ఘోరమైన యనావృష్టి వచ్చి రాజధానిలో కుళాయినీరు ఉప్పెక్కియున్న సమయమున, అట్టి కేంద్రమునే నిర్మింపఁబోవుచున్నారని తెలిసి ప్రజలు వీథులకెక్కిరి. పిమ్మట నా సంస్థ తన ప్రణాళికను మార్చి గాలితోఁ జల్లబఱచు పద్ధతికి మఱలినది. అడిగినవారుండుటచేతనే యది మాఱినది.

ఇఁక మఱఁదిగారి మాట నిజమా యను మూఁడవ ప్రశ్న. గండికోటనుండి విశాఖకు గొట్టము వేసి నీరు తీసికొనిపోవువారెవ్వరును లేరు. విద్యుత్తు సంగతి వేఱు. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణదేశపు విద్యుత్ వలయము తక్కిన భారతదేశపు వలయముతోఁ గలిసినది మొదలు దేశమంతయు నొకే చెఱువువంటిది. ఏ వాఁగు నీరు ఏ కాలువలోఁ బాఱినదో విడఁదీసి చెప్పలేము. జమ్మలమడుగు దగ్గఱ మైలవరము మండలమున వేయి మెగావాట్ల యుద్దేశముతో సౌరవిద్యుత్తు పార్కును తలపెట్టిరి. అందు 250 మెగావాట్లకు 2017లో జరిగిన వేలమున యూనిట్ 3 రూపాయల 15 పైసలకే యిత్తుమని యొక సంస్థ ముందుకు రాఁగా, అప్పటి కది దేశమున మిక్కిలి తక్కువ ధరలలో నొకటిగా నెన్నఁబడినది. మన యెండ యంత చవుకగాఁ దొరకినది. కాని యెండ సాయంకాలము ఆఱు గంటలకు సెలవు తీసికొనును. డేటా సెంటరు తీసికొనదు. "మేము సంవత్సరమంతయు వాడినంత విద్యుత్తును సూర్యునివలననే కొన్నాము" అని చెప్పుకొను సంస్థ, రాత్రి పూట ముద్దనూరు బొగ్గునే త్రాగుచుండవచ్చును. మధ్యాహ్నము పదిమందికి వండి యుంచితిమని చెప్పిన, రాత్రి యాఁకలి తీఱదు గదా. కాఁబట్టి యేఁటి లెక్క కాక గంటగంట లెక్క కావలెను. 2030 నాఁటికి ప్రతి గంటయు బొగ్గులేని విద్యుత్తునే వాడుట తమ లక్ష్యమని గూగుల్ సంస్థ 2020లోనే ప్రకటించియున్నది. లక్ష్యము మంచిదే, విశాఖలో నదెట్లు నెఱవేఱునో గంటల పట్టికతోఁ జూపవలసియున్నది.

రాత్రికి దాఁచుట యెట్లనఁగా, పగలు మిగిలిన విద్యుత్తుతో నీటిని కొండమీఁది చెఱువునకెక్కించి, రాత్రి దానిని దింపి చక్రములు ద్రిప్పుట యొక మార్గము. నూఱు యూనిట్లు పెట్టి యెక్కించినచో సుమారు 75 మొదలు 80 వఱకుఁ దిరిగి వచ్చును. పొరుగున నంద్యాల జిల్లా పిన్నాపురమున 1680 మెగావాట్ల యట్టి కేంద్రమునకు 2022 మే మాసమున శంకుస్థాపన జరిగినది. గండికోటయొద్దను అట్టిదానికిఁ బ్రతిపాదన గలదు. ఎక్కి దిగు నీరు ఆ నీరే యనుట నిజమే. అయినను మొదట నింపుటకు నీరు కావలెను, ఎండకు నావిరియగునది మరల పోయవలెను. ముద్దనూరు కేంద్రము త్రాగు నీరు సైతము మైలవరము జలాశయమునుండి వచ్చినదే. ఇట్లు మన నీరు గొట్టములో గాక తీఁగెలో ప్రయాణము చేయుచున్నది. మఱఁదిగారు పూర్తిగాఁ దప్పు చెప్పలేదు.

గండికోట జలాశయము ఊరక నిండినది కాదు. 2020లో నీటిమట్టము పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు, పునరావాసము పూర్తికాకమున్నే యిండ్లలోనికి నీరు వచ్చుచున్నదని నిరసనకుఁ గూర్చుండిరి. పొగలేని విద్యుత్తని చెప్పు అణువిద్యుత్తునకుఁ గావలసిన యురేనియము పులివెందులకు సమీపమున తుమ్మలపల్లెలోఁ ద్రవ్వఁబడుచున్నది. అక్కడి వ్యర్థముల చెఱువువలన తమ బోరునీరు, అరఁటితోటలు చెడుచున్నవని మబ్బుచింతలపల్లె, కొట్టాల గ్రామముల వారు పలుమాఱులు మొఱపెట్టుకొనియున్నారు. శుద్ధవిద్యుత్తు వలదని మా యభిప్రాయము కాదు. బొగ్గుపొగకంటె సూర్యుఁడు మేలు. కాని శుద్ధమన్న మాట విన్నంతనే, దానికై ఊరు విడిచినవారి లెక్క మఱచిపోరాదు. కొట్టుగదిలో తరుగు తగ్గిన ప్రతి యూనిటును, ఇచ్చట నొక యెకరము, ఒక బిందె మిగిల్చినట్లే. అందుచేతనే పి.యు.ఇ. యను పొడిసంఖ్య కడపజిల్లా గృహిణికిఁ గావలసిన సంఖ్య యగుచున్నది.

మనమేమి చేయఁగలము? ఫోనులోని పాత బొమ్మలను తుడిచివేసిన లోకము బాగుపడునని కొందఱుపదేశించుచున్నారు. మేమది నమ్మము. ఒక బొమ్మను దాఁచుటకగు విద్యుత్తు లెక్కకు రానంత స్వల్పము. పాత సీలింగు ఫ్యానొకటి 75 వాట్లు త్రాగుచుండఁగా, క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. ఫ్యాను ముప్పది వాట్ల చొప్పున నదే గాలి యిచ్చును. ఇంట పొదుపు చేయఁదలఁచినవారు మొదట నా ఫ్యానును మార్చుకొనుట మేలు. బిడ్డల బొమ్మలను ఉంచుకొనుఁడు.

అడుగుట మాత్రము మన చేతిలోనిది. గనులకును, థర్మలు కేంద్రములకును పర్యావరణపు అనుమతి యిచ్చుటకు ముందు 2006 నాఁటి ప్రకటన ప్రకారము చాలవఱకు బహిరంగ విచారణ జరుపవలెను. అందు స్త్రీలును నిలిచి మాటాడవచ్చును. డేటా సెంటరులను సాధారణముగా కట్టడముల తరగతిలోఁ జేర్చుచున్నారు. ఆ తరగతికి బహిరంగ విచారణ లేదు. దినమునకు లక్షల లీటర్లు త్రాగఁగల కట్టడమును అపార్టుమెంటుతో సమముగాఁ జూచుట న్యాయము కాదని మా యభిప్రాయము. నీరెచ్చటిది, ఎంత, రాత్రి విద్యుత్తేది యను సంగతులను 2005 నాఁటి సమాచారహక్కు చట్టము క్రింద ప్రభుత్వశాఖల నడుగవచ్చును. తెల్లకాగితముపై తెలుఁగులోనే వ్రాయవచ్చును, రుసుము స్వల్పము, ముప్పది దినములలో జవాబీయవలెను.

జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల సోదరీమణులు తమ గ్రామమున బోర్లలో నీటిమట్టమెట్లున్నదో, సౌరపలకలు వచ్చిన పిమ్మటఁ గూలిపని యెట్లున్నదో మాకు వ్రాసినచో, వీలునుబట్టి ఈ శీర్షికయందే ప్రకటింతుము.